డేటాబేస్ థీసిస్‌కి ఎనిమిది నెలలు, ఒక్క మెషీన్: కార్డినాలిటీ అంచనా, ఫిల్టర్‌తో వెక్టర్ సెర్చ్, తెలుగు పేర్ల మ్యాచింగ్‌లలో ఏది?

పట్టిక_21

నమస్కారం అండి. ఎం.టెక్ థీసిస్‌కి డేటాబేస్ వైపు టాపిక్ ఖాయం చేసుకోవాలి. ఎనిమిది నెలల టైముంది. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న ఒక్క మెషీన్, జీపీయూ లేదు. పోస్ట్‌గ్రెస్, సీ, పైథాన్ వచ్చు. ఇప్పటికి నాలుగు టాపిక్‌లు చూసి పెట్టుకున్నాను:

క్వెరీ ఆప్టిమైజర్‌లో (క్వెరీని ఏ దారిలో, అంటే ఏ ప్లాన్‌తో నడపాలో ఎంచుకునే భాగం) కార్డినాలిటీ అంచనా, అంటే ఎన్ని వరుసలు వస్తాయో ముందే ఊహించడం. షరతులు కలిసిన వెక్టర్ సెర్చ్, అంటే అంకెల వరుసలుగా మార్చిన డేటాలో ఇచ్చినదానికి దగ్గరివి వెతకడం. ఒకే మనిషి పేరు రెండు మూడు రికార్డుల్లో వేర్వేరుగా ఉంటే కలపడం (తెలుగు పేర్ల మీద). మామూలు భాషలో అడిగిన ప్రశ్నని ఎస్‌క్యూఎల్‌గా మార్చడం.

అడిగేది రెండే. వీటిలో ఈ మెషీన్ మీద సరిగ్గా కొలిచి చూపించగలిగేది ఏది? మొదటి నెలలో ఏం చేస్తే ఈ టాపిక్ నిలుస్తుందో లేదో తేలుతుంది?

---

ప్లాన్_చెట్టు

మొదటిదే తీసుకోండి. తప్పు ఎక్కడ పుడుతోందో అందులో అంకెలతో సహా కనిపిస్తుంది, మీ మెషీన్ కూడా సరిపోతుంది.

సమస్య ఏమిటో చిన్న లెక్కతో చూడండి. 10 లక్షల వరుసల చిరునామాల టేబుల్ ఉందనుకుందాం. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అన్న షరతుకి 5 శాతం వరుసలు, జిల్లా గుంటూరు అన్న షరతుకి 1 శాతం వరుసలు తగులుతాయి. రెండూ కలిపి అడిగితే పోస్ట్‌గ్రెస్ ఈ కాలమ్‌లకి ఒకదానితో ఒకదానికి సంబంధం లేదనుకుని 0.05 ని 0.01తో గుణించి, 500 వరుసలొస్తాయంటుంది. గుంటూరు ఎలాగూ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది కాబట్టి వచ్చేవి 10,000. అంటే 20 రెట్లు తక్కువ అంచనా. ఇలాంటి తప్పు ఒక్కో జాయిన్‌కీ మరికొంత పెరుగుతూ పోతుంది. ఐదారు టేబుల్‌లు దాటేసరికి లక్షల్లో వచ్చే చోట ‘1 వరుస’ అని చూపిస్తుంది. ఆ ఒక్కటి నమ్మి ఆప్టిమైజర్ నెస్టెడ్ లూప్ (బయటి వరుస ఒక్కోదానికీ లోపలి టేబుల్‌ని మళ్ళీ వెతికే పద్ధతి) ఎంచుకుంటుంది. క్వెరీ అక్కడే కూలబడుతుంది.

ఒకే టేబుల్‌లోని తప్పుకి మందు ఉంది. ‘క్రియేట్ స్టాటిస్టిక్స్’తో రెండు కాలమ్‌లకీ కలిపి గణాంకాలు కట్టించవచ్చు. డిపెండెన్సీస్ రకం (ఒక కాలమ్ ఇంకోదాన్ని ఎంతవరకు ఖాయం చేస్తుందో చెప్పేది) 10వ వెర్షన్ నుంచి, ఎంసీవీ రకం (ఎక్కువగా కలిసి వచ్చే విలువల జాబితా) 12 నుంచి ఉన్నాయి. కట్టించాక ‘అనలైజ్’ నడపడం మరిచిపోతే ఏమీ మారదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అయితే ఈ గణాంకాలు ఒక టేబుల్ గడప దాటవు. రెండు టేబుల్‌ల మధ్య సంబంధాన్ని పట్టుకోలేవు. పరిశోధనకి చోటు ఉన్నది అక్కడే.

డేటా కోసం జాయిన్ ఆర్డర్ బెంచ్‌మార్క్ తీసుకోండి. 2015లో వీఎల్‌డీబీ (డేటాబేస్ పరిశోధన సమావేశం) పేపర్‌తో వచ్చింది. ఐఎండీబీ సినిమా డేటా, 21 టేబుల్‌లు, సీఎస్‌వీ ఫైళ్ళుగా 3.6 జీబీ. క్వెరీలు 113, వాటి మూల రూపాలు 33. అతి పెద్ద టేబుల్‌లో 3.6 కోట్ల వరుసలు. టీపీసీ-హెచ్ అనే బెంచ్‌మార్క్ వద్దు. అందులో డేటాని సమంగా, కాలమ్‌ల మధ్య సంబంధం లేకుండా పుట్టిస్తారు కాబట్టి ఆప్టిమైజర్ అంచనాలు బాగున్నట్టే కనిపిస్తాయి. నిజమైన డేటాలో ఉండే వంకరతనం దానిలో లేదు.

కొలిచే ముందు సర్దుకోవాల్సినవి:

– జీఈక్యూఓ థ్రెషోల్డ్ డిఫాల్ట్ 12. ఫ్రమ్‌లో 12 టేబుల్‌లు, అంతకు పైన ఉంటే పోస్ట్‌గ్రెస్ అన్ని క్రమాలనీ వెతకడం మానేసి జెనెటిక్ పద్ధతికి మారిపోతుంది. ఈ బెంచ్‌మార్క్‌లో అంతకంటే పెద్ద క్వెరీలున్నాయి. దాన్ని 18కి పెంచండి. లేకపోతే చెడ్డ ప్లాన్‌కి కారణం అంచనానా, వెతికిన తీరా అన్నది తేలదు.

– పేరలెల్ వర్కర్లని 0 చేయండి. షేర్డ్ బఫర్స్ డిఫాల్ట్ 128 ఎంబీ చాలదు, మీ మెషీన్‌కి 4 జీబీ ఇవ్వండి. వర్క్ మెమ్ డిఫాల్ట్ 4 ఎంబీ, దాన్ని 256 ఎంబీ చేయండి. అంతకన్నా ఎక్కువ ఇస్తే ప్రమాదం, ఎందుకంటే అది క్వెరీకి కాదు, ప్లాన్‌లోని ఒక్కో సార్ట్‌కీ, ఒక్కో హ్యాష్‌కీ విడివిడిగా లెక్క.

– ఫారిన్ కీ కాలమ్‌లకి ఇండెక్స్‌లు ఉన్నప్పుడూ లేనప్పుడూ రెండుసార్లు కొలవండి. ఇండెక్స్‌లు పెరిగితే మంచి ప్లాన్‌కీ చెడ్డ ప్లాన్‌కీ మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఎంపికలు ఎక్కువైన కొద్దీ తప్పటడుగుకీ చోటు ఎక్కువే.

కొలమానం క్యూ-ఎర్రర్. అంచనాని అసలుతోనూ, అసలుని అంచనాతోనూ భాగించి రెండిట్లో పెద్దది తీసుకోవాలి. అసలు 0 వచ్చిన చోట 1 అనుకోండి, పోస్ట్‌గ్రెస్ కూడా 1 కంటే తక్కువ అంచనా వేయదు. సగటు మాత్రం వేయొద్దు, ఒక్క 10 లక్షల తప్పు మిగతావన్నీ మింగేస్తుంది. మీడియన్, 95వ, 99వ పర్సెంటైల్ చూపించండి.

ఒక ముఖ్యమైన మాట. క్యూ-ఎర్రర్ తగ్గినంత మాత్రాన క్వెరీ వేగం పెరగదు. 100 రెట్ల తప్పు 3 రెట్లకి దిగినా ప్లాన్ అదే ఉంటే, దొరికింది శూన్యం. అందుకే మీ అంచనాలని తిరిగి ఆప్టిమైజర్‌కి ఎక్కించి క్వెరీ నడిపించాలి. దానికి పీజీ_హింట్_ప్లాన్ ఎక్స్‌టెన్షన్‌లో ‘రోస్’ అనే హింట్ ఉంది: ఫలానా టేబుల్‌ల జాయిన్‌కి ఇన్ని వరుసలు అని నేరుగా చెప్పొచ్చు. అది జాయిన్‌లకే పనిచేస్తుంది, ఒంటరి టేబుల్ అంచనాని మార్చదు.

మొదటి నెల పని ఇదే. కౌంట్ క్వెరీలతో అసలు సంఖ్యలు రాబట్టి, వాటినే హింట్‌లుగా ఎక్కించి 113 క్వెరీలూ నడపండి. నిఖార్సైన అంచనాలిచ్చినా ఏ క్వెరీలు బాగుపడలేదో చూడండి. ఏ మోడల్ కట్టినా మీరు చేరుకోగల ఎత్తు అంతే. అది తెలియకుండా మోడల్ మొదలుపెట్టడం గోడ లేకుండా బొమ్మ వేయడమే. కొన్ని ఉపజాయిన్‌లు పేలిపోయి గంటలు తీసుకుంటాయి, స్టేట్‌మెంట్ టైమౌట్ పెట్టుకోండి.

ఇంకో న్యూరల్ నెట్‌వర్క్ కట్టే పని పెట్టుకోవద్దని నా సలహా. 2019లో ఎంఎస్‌సీఎన్, ఆ వెంటనే నారు, డీప్‌డీబీ అనే అంచనా మోడల్‌లు వచ్చాయి. 2021 నాటికే వీఎల్‌డీబీలో వాటిని పక్కపక్కన పెట్టి చూసిన పోలిక వచ్చింది. డేటా మారుతూ ఉంటే తిరిగి ట్రైన్ చేసేలోపు అంచనాలు పాతబడిపోతున్నాయి. షరతు బిగించినప్పుడు అంచనా తగ్గాల్సింది పోయి పెరిగే సందర్భాలూ ఉన్నాయి. జీపీయూ లేని మీకు బలమైన దారి వేరే ఉంది: ‘ఎంత ఉంటుంది’ అని కాకుండా ‘ఇంతకు మించదు’ అని చెప్పే పై హద్దులు. ఏజీఎం హద్దు 2008 నాటిది. ఒక్కోటి 10,000 వరుసలున్న మూడు టేబుల్‌లని త్రిభుజంలా జాయిన్ చేస్తే ఫలితం 10 లక్షలు దాటదని అది రుజువుతో చెబుతుంది. ఊరికే గుణిస్తే లక్ష కోట్లు వచ్చేది. 2019 సిగ్‌మోడ్ సమావేశంలో ఈ ఆలోచనని స్కెచ్‌లతో (డేటాకి చిన్న సారాంశాలు) ఆప్టిమైజర్‌లోకి తెచ్చారు. ఇంకా పని మిగిలే ఉంది.

బెంగళూరు ఐఐఎస్‌సీలో జయంత్ హరిత్స బృందం చేసిన ప్లాన్ బొకే పని కూడా చదవండి, 2014 సిగ్‌మోడ్. అంచనా వేయడమే మానేసి, ఖర్చు పరిమితిని ఒక్కో మెట్టూ రెట్టింపు చేస్తూ ప్లాన్‌లని నడిపి చూస్తారు. తెలియని సెలెక్టివిటీ (షరతుకి తగిలే వరుసల వాటా) ఒక్కటే అయితే, ఎంత దురదృష్టం ఎదురైనా ఉత్తమ ప్లాన్ ఖర్చుకి 4 రెట్లు దాటదని హామీ.

---

దగ్గరి_బిందువు

పైన చెప్పినదంతా ఒప్పుకుంటూనే రెండోదాని తరఫున మాట్లాడతాను. వెక్టర్ సెర్చ్ మీద పేపర్లు చాలా ఉన్నాయి. షరతు కలిపినప్పుడు ఏమవుతుందన్నది మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది.

పీజీవెక్టర్‌లో (పోస్ట్‌గ్రెస్‌కి వెక్టర్ సెర్చ్ చేర్చే ఎక్స్‌టెన్షన్) హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ ఇండెక్స్ (దగ్గరి బిందువుల్ని కలిపిన పొరల గ్రాఫ్) కడితే డిఫాల్ట్‌గా ఎం (పొరుగుల సంఖ్య) 16, ఈఎఫ్ కన్‌స్ట్రక్షన్ 64, వెతికేటప్పుడు ఈఎఫ్ సెర్చ్ 40. ఇండెక్స్ ముందు 40 దగ్గరి వరుసలు తెస్తుంది, ఆ తర్వాతే వేర్ షరతు తగులుతుంది. షరతు 10 శాతం వరుసలకే సరిపోతే ఆ 40లో సగటున మిగిలేది 4. మీరు అడిగింది 10. డేటాలో వేలకొద్దీ సరైన వరుసలున్నా జవాబు కుంటిగా వస్తుంది, ఎర్రర్ కూడా రాదు. 0.8.0 వెర్షన్ నుంచి ఇటరేటివ్ స్కాన్ వచ్చింది. చాలినన్ని దొరికేదాకా ఇంకా తవ్వుతుంది, డిఫాల్ట్‌గా 20,000 వరుసల దగ్గర ఆగుతుంది. అది ఆన్ చేసుకుంటేనే పనిచేస్తుంది.

మరి షరతుకి సరిపోయే బిందువుల మీదుగానే గ్రాఫ్‌లో నడిస్తే? అక్కడ గ్రాఫ్ తెగిపోతుంది. ఎం 16 అంటే అడుగు పొరలో ఒక్కో బిందువుకి పొరుగులు గరిష్ఠంగా 32. షరతు 10 శాతానిదైతే అందులో నడవగలిగేవి మూడు. 1 శాతమైతే 0.32, అంటే మూడు బిందువుల్లో కనీసం రెండిటికి ముందుకు దారే లేదు. 2024లో వచ్చిన ఎకార్న్ అనే ఇండెక్స్ పద్ధతి ఈ లెక్క మీదే నిలబడింది: కట్టేటప్పుడే పొరుగుల్ని అనేక రెట్లు ఎక్కువ ఉంచుకుంటే, వడపోత తర్వాత కూడా సరిపడా మిగులుతారు. దాని ధర మెమరీ, ఇండెక్స్ కట్టే సమయం. డిస్క్ వైపు వెళ్ళాలంటే బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ నుంచి 2019లో వచ్చిన డిస్క్‌ఏఎన్‌ఎన్ ఉంది: 64 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీతో 100 కోట్ల వెక్టర్లు. దానికి ఫిల్టర్ రూపం 2023లో వచ్చింది.

డేటాకి సిఫ్ట్1ఎం చాలు. 10 లక్షల వెక్టర్లు, ఒక్కోటి 128 అంకెలు, మొత్తం 512 ఎంబీ. 10,000 క్వెరీలు, వాటికి సరైన జవాబులు కూడా ఇస్తారు. అయితే షరతు పెట్టగానే ఆ జవాబులు చెల్లవు, మీరే మళ్ళీ లెక్కించాలి. 10,000 క్వెరీలకీ ఒకేసారి దూరాల పట్టిక కట్టబోతే 40 జీబీ అవుతుంది. 500 చొప్పున చేయండి, ఒక్కో విడతకి 2 జీబీ.

ఎక్కువ మంది జారేది లేబుల్స్ దగ్గర. వెక్టర్లకి యాదృచ్ఛికంగా లేబుల్స్ అంటించి ‘10 శాతం షరతు’ అంటారు. నిజ జీవితంలో షరతుకీ వెక్టర్‌కీ సంబంధం ఉంటుంది. పట్టుచీర బొమ్మ ఇచ్చి ‘చీరలు’ అన్న విభాగంలో వెతికితే దగ్గరివన్నీ షరతుకి సరిపోతాయి. అదే బొమ్మతో ‘చెప్పులు’ విభాగంలో వెతికితే సరిపోయేవన్నీ గ్రాఫ్‌లో ఇంకో మూలన ఉంటాయి. శాతం రెండు చోట్లా ఒకటే కావచ్చు, కష్టం మాత్రం ఒకటి కాదు. క్లస్టరింగ్ చేసి, క్లస్టర్ ప్రకారం లేబుల్స్ ఇచ్చి, మూడు రకాలుగా కొలవండి: అనుకూలం, సంబంధం లేనిది, ప్రతికూలం.

---

అక్షరజోడి

పేర్ల మ్యాచింగ్ గురించి. తెలుగు వాళ్ళు చేయకపోతే దీన్ని ఇంకెవరూ చేయరు. అందుకే తేలిక అనుకుని మొదలుపెట్టొద్దు.

ముందు యూనికోడ్. ‘కై’లోని ఐత్వాన్ని ఒకే కోడ్ పాయింట్‌గా రాయొచ్చు, ఎత్వమూ దాని కింద ఐత్వపు గుర్తూ కలిపి రెండుగానూ రాయొచ్చు. తెర మీద ఒకటే, బైట్లు వేరు, సమానమా అని అడిగితే డేటాబేస్ కాదంటుంది. ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ దీన్ని కలుపుతుంది. పొల్లు తర్వాత దూర్చే కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే గుర్తుని మాత్రం ఎన్‌ఎఫ్‌సీ ముట్టుకోదు. మ్యాచింగ్‌కి వాడే కాపీలోంచి దాన్ని మీరే తీసేయాలి, అసలు కాలమ్‌లో ఉంచాలి. సున్నాతో రాసిన ‘సంబంధం’, వత్తులతో రాసిన ‘సమ్బన్ధం’ ఏ నార్మలైజేషన్‌లోనూ కలవవు. దానికి సొంత నియమం రాసుకోవాలి.

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేర్లకి అందరూ ముందు సౌండెక్స్ (పలికే తీరుని బట్టి పేరుకి ఒక అక్షరం, మూడు అంకెల కోడ్ ఇచ్చే పద్ధతి) పెడతారు. లక్ష్మిని ‘కేఎస్‌హెచ్’తో రాసినా ‘ఎక్స్’తో రాసినా ఎల్250 వస్తుంది, బాగానే ఉందనిపిస్తుంది. ఫణిని ‘పీహెచ్’తో రాస్తే పీ500, ‘ఎఫ్’తో రాస్తే ఎఫ్500: ఒకే మనిషి రెండు ముక్కలు. రామ, రాణి, రమ్య ముగ్గురికీ ఆర్500: ముగ్గురు మనుషులు ఒక ముద్ద. ఎందుకంటే ఎం, ఎన్‌లకి దానిలో ఒకటే అంకె, అచ్చులకి అసలు అంకే లేదు. మన పేర్లలో ఆడ-మగ తేడా చాలాసార్లు ఆ చివరి అచ్చులోనే ఉంటుంది.

ఆపైన ఇంటిపేరు. ఒకచోట ముందు పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా, ఇంకోచోట పాస్‌పోర్టు తీరులో చివర. పెళ్ళయ్యాక కొందరికి మారుతుంది. పేరుని ముక్కలుగా విడదీసి, క్రమం పట్టించుకోకుండా, ఒక్క అక్షరం ముక్క పూర్తి ముక్కకి మొదలైతే కొంత మార్కు ఇచ్చేలా పోల్చండి.

1 లక్ష రికార్డులని అన్నిటితో అన్నీ పోల్చితే దాదాపు 500 కోట్ల జతలు. అందుకే బ్లాకింగ్: పిన్‌కోడ్ ఒకటే అయినవి ఒక గుంపు, పుట్టిన సంవత్సరమూ పేరులోని మొదటి హల్లూ కలిసినవి ఇంకో గుంపు, రెండిట్లో దేనిలో కలిసినా పోల్చాలి. ఒక్క తాళం మీదే ఆధారపడితే పిన్‌కోడ్ తప్పుపడ్డ రికార్డు శాశ్వతంగా తప్పిపోతుంది. స్కోరింగ్‌కి 1969 నాటి ఫెలెగీ-సంటర్ పద్ధతి (ఒక్కో కాలమ్ కలిసిందా లేదా అన్నదానికి సంభావ్యతతో బరువు ఇచ్చేది) ఇప్పటికీ గట్టి బేస్‌లైన్. కొత్త మోడల్ దాన్ని ఓడించకపోతే ఆ మాట థీసిస్‌లో రాయండి, అది కూడా ఫలితమే.

టెస్ట్ డేటాని జతలుగా కాదు, మనుషులుగా విడదీయండి. ఒకే మనిషి జతలు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ పడితే మార్కులు ఉబ్బిపోతాయి. యాక్యురసీ వద్దు: వెయ్యి జతల్లో ఒక్కటి నిజమైనదైతే అన్నిటికీ ‘కాదు’ అన్న మోడల్‌కి 99.9 శాతం వస్తుంది.

చిక్కు డేటా దగ్గరే. నిజమైన మనుషుల రికార్డులు ఊరికే తీసుకుని వాడకూడదు. ఊళ్ళ పేర్లతో మొదలుపెట్టండి, పద్ధతి అదే, ఎవరి గోప్యతకీ భంగం లేదు.

---

ప్లాన్_చెట్టు

నాలుగోదాని గురించి ఎవరూ అనలేదు కాబట్టి ఒక్క మాట. ప్రశ్నని ఎస్‌క్యూఎల్‌గా మార్చడానికి స్పైడర్ (2018, 200 డేటాబేస్‌లు, 10,181 ప్రశ్నలు), బర్డ్ (2023, 95 డేటాబేస్‌లు, 12,751 జతలు) ఉన్నాయి. కానీ పెద్ద మోడల్‌లు ఈ ప్రశ్నల్ని ట్రైనింగ్‌లోనే చూసేసి ఉండొచ్చు. పైగా డేటా పలచగా ఉన్నచోట తప్పు ఎస్‌క్యూఎల్ కూడా అదృష్టవశాత్తూ సరైన జవాబే ఇస్తుంది. జీపీయూ లేకుండా మీరు చేయగలిగింది వేరేవాళ్ళ ఏపీఐని పిలవడమే, అదీ మధ్యలో మారిపోతే ఫలితాలు తిరిగి రావు. వదిలేయండి.

---

పట్టిక_21

అందరికీ కృతజ్ఞతలు. జాయిన్ ఆర్డర్ బెంచ్‌మార్క్ ఎక్కించాను. ఒక క్వెరీలో ‘ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్’ లోపలి ఇండెక్స్ స్కాన్‌కి అంచనా 1, అసలు 3 చూపిస్తోంది. క్యూ-ఎర్రర్ 3 మాత్రమే కదా? అయినా సమయమంతా అక్కడే పోతోంది.

---

ప్లాన్_చెట్టు

అదే వరుసలో ‘లూప్స్’ ఎంతుందో చూడండి. ‘అసలు 3’ అంటే ఒక్క లూప్‌కి సగటు. లూప్స్ 2,50,000 అయితే వచ్చినవి 7,50,000. తప్పు ఆ స్కాన్‌లో కాదు, దానికి బయట ఉన్న నోడ్‌లో ఉంటుంది. బయటి వైపు ఏ 40 వస్తాయనుకునో లూప్ ఎంచుకుని ఉంటుంది, వచ్చినవి రెండున్నర లక్షలు. ప్లాన్‌ని ఎప్పుడూ కింది నుంచి పైకి చదవండి. అంచనా మొదట ఎక్కడ తప్పిందో అదే దోషి, పైవన్నీ దాని పర్యవసానాలు.

ఇంకా రెండు జాగ్రత్తలు. 17వ వెర్షన్ దాకా ఆ సగటుని పూర్ణాంకంగా చూపిస్తారు. లూప్‌కి 0.4 వస్తే 0 అని కనిపిస్తుంది, దాన్ని లూప్స్‌తో గుణిస్తే సున్నాయే. 18లో దశాంశాలు చూపిస్తున్నారు. అలాగే పైన లిమిట్ ఉన్నా, మెర్జ్ జాయిన్ మధ్యలో ఆగినా, ‘అసలు’ అన్నది అక్కడిదాకా చదివిన సంఖ్యే గానీ నిజమైన కార్డినాలిటీ కాదు. అందుకే అసలు సంఖ్యలు ప్లాన్ నుంచి గీకొద్దు, విడిగా కౌంట్ చేయమన్నాను.

---

పట్టిక_21

లూప్స్ 2 లక్షల పైనే ఉంది, అర్థమైంది. ఒక ఆలోచన వచ్చింది. ఫిల్టర్‌తో వెక్టర్ సెర్చ్‌లో కూడా హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ వాడాలా, షరతు ఇండెక్స్‌తో వడపోసి నేరుగా దూరాలు లెక్కించాలా అన్నది పోస్ట్‌గ్రెస్ అంచనా మీదే నిర్ణయిస్తుంది కదా. ఆ అంచనా తప్పితే ఏమవుతుందో టాపిక్‌గా తీసుకోవచ్చా?

---

దగ్గరి_బిందువు

తప్పకుండా తీసుకోండి. ఇందులో మామూలు జాయిన్‌లలో లేని ఒక విశేషం ఉంది. అక్కడ అంచనా ఎటు తప్పినా పోయేది సమయమే, జవాబు మాత్రం సరిగ్గానే వస్తుంది. ఇక్కడ అలా కాదు. అసలు కంటే తక్కువ అంచనా వేస్తే ‘కొన్నే కదా’ అని నేరుగా దూరాలు లెక్కించే ప్లాన్ ఎంచుకుంటుంది. జవాబు ఖచ్చితం, సమయం ఎక్కువ. ఎక్కువ అంచనా వేస్తే హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ ఎంచుకుంటుంది. 40 తెచ్చి వడపోస్తే ఒకటో రెండో మిగులుతాయి. వేగం బాగుంటుంది, జవాబే పోతుంది. ఒక వైపు తప్పుకి వేగం బలి, ఇంకో వైపు తప్పుకి రీకాల్ (సరైన జవాబుల్లో దొరికిన వాటా) బలి. క్యూ-ఎర్రర్ రెండు వైపుల్నీ ఒకేలా చూస్తుంది కాబట్టి ఇక్కడ అది సరైన కొలమానం కాదు.

ప్రయోగం ఇలా పెట్టండి. సిఫ్ట్1ఎం టేబుల్‌కి రెండు కాలమ్‌లు చేర్చండి. తక్కువ అంచనా కోసం గుంటూరు-ఆంధ్రప్రదేశ్ లాంటి జత: ఒకటి రెండోదాన్ని ఖాయం చేసేస్తుంది. ఎక్కువ అంచనా కోసం విడిగా చూస్తే రెండూ తరచుగా వచ్చేవే, కలిసి మాత్రం అరుదుగా వచ్చే జత. అసలు సెలెక్టివిటీ 0.1, 1, 10, 50 శాతాలుగా మార్చండి. ఒక్కో చోటా ప్లాన్ ఏది, 10లో ఎన్ని సరైనవి, ఎన్ని వచ్చాయి, మీడియన్ సమయం ఎంత అని నాలుగు రాసుకోండి. ఇటరేటివ్ స్కాన్ ఆన్, ఆఫ్ రెండిటితోనూ. తర్వాత ‘క్రియేట్ స్టాటిస్టిక్స్’ కట్టి అవే మళ్ళీ. 1 శాతం దగ్గర నేరుగా లెక్కిస్తే 10,000 వెక్టర్లు, 12.8 లక్షల గుణకారాలు, అంతే. అక్కడ హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ వాడాల్సిన అవసరమే ఉండకపోవచ్చు, ముందు ఆ మలుపు ఎన్ని శాతం దగ్గర వస్తుందో మీ మెషీన్ మీద గీయండి. ఇండెక్స్ కట్టేముందు మెయింటెనెన్స్ వర్క్ మెమ్‌ని 64 ఎంబీ నుంచి 2 జీబీకి పెంచుకోండి. గ్రాఫ్ మెమరీలో పట్టకపోతే కట్టడం బాగా నెమ్మదిస్తుంది, నోటీస్ కూడా వస్తుంది.